కాన్వెంట్ గర్ల్స్ స్కూల్లో ఆరో తరగతి: ప్రార్థన నుంచి ప్రైజు దాకా

ప్రశ్న: మా అమ్మాయి ఈ జూన్‌లో సికింద్రాబాద్ వైపు ఒక కాథలిక్ గర్ల్స్ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. స్టేట్ సిలబస్. మేం హిందువులం. రోజూ ప్రార్థన, మొదటి శుక్రవారం చర్చిలో పూజ అంటోంది. తను ఎంతవరకు పాల్గొనాలి? మొన్న ఇన్వెస్టిచర్‌లో (స్కూలు లీడర్లని ప్రకటించే సభలో) కొందరికి బ్యాడ్జీలు, సాషెలు వచ్చాయి, మా పిల్లకి ఏమీ రాలేదు. కాస్త బిడియం ఎక్కువ. గైడ్స్, ఎన్‌సీసీ, ఇన్‌స్పైర్, క్వయర్ అని పది పేర్లు చెబుతోంది. దేంట్లో చేర్పించాలి? చదువు దెబ్బతింటుందా?

సమాధానం:

బ్యాడ్జీతోనే మొదలుపెడతా, మీ బెంగంతా అక్కడే ఉన్నట్టుంది. ఆరో తరగతి పిల్లకి ఇన్వెస్టిచర్‌లో ఏమీ రాకపోవడం మామూలే. హెడ్ గర్ల్, హౌస్ (పోటీల కోసం స్కూలును విడదీసే జట్టు) కెప్టెన్లు పదో తరగతి నుంచి, వైస్ కెప్టెన్లు తొమ్మిది నుంచి వస్తారు. ఆరులో దొరికేది క్లాస్ లీడర్ బ్యాడ్జీ ఒక్కటే. అదీ ఎక్కువగా పాత పిల్లలకే పోతుంది, కొత్తగా చేరినవాళ్ల పేర్లు టీచర్ నోటికి ఇంకా ఎక్కని రోజులవి. ఈ బళ్లలో స్టేజి మీద కనిపించే ప్రైజులన్నీ కింద రోజూ జరిగే చిన్న పనుల్లోంచి పుడతాయి. అలాంటి పని ఒకటి పట్టుకుని మూడు నాలుగేళ్లు వదలని పిల్ల పైకొస్తుంది. జులైలో పది క్లబ్బులకి పేరిచ్చిన పిల్ల డిసెంబర్‌కి ఒక్కదాంట్లోనూ కనబడదు. ఇంకొకటి, ప్రతిభ లేక పోయిన ప్రైజులకన్నా తేదీ దాటిపోయి, పేరు తప్పుపడి పోయినవే ఎక్కువ. అందుకని చివర్లో కాగితాల గురించి కాస్త విసిగిస్తాను, ఓపిక పట్టండి.

మన ఊళ్లో ఇంగ్లిష్ మీడియం బడి ప్రతిదీ కాన్వెంటే. సందు చివర మూడంతస్తుల మేడలో నడిచే స్కూలుకి కూడా ముందు 'సెయింట్' ఉంటుంది. ఆ పునీతుడెవరో నడిపేవాళ్లకే తెలియకపోవచ్చు. మీ అమ్మాయిది అసలు కాన్వెంట్, అంటే ఒక సిస్టర్ల సభ (సన్యాసినుల సంఘం) నడిపేది, ఆవరణలోనే వాళ్ల మఠం ఉండేది. ఆ సభ ఏదో కనుక్కోండి, ఏడాది క్యాలెండర్ సగం అర్థమవుతుంది. 1871లో ఇటలీలోని ట్యూరిన్ నుంచి సికింద్రాబాద్ వచ్చిన సెయింట్ ఆన్స్ సిస్టర్ల బళ్లలో జులై 26న పునీత అన్నమ్మ పండుగ పెద్దది. ఆక్సీలియం లాంటి సలేషియన్ సిస్టర్ల చోట జనవరి 31న డాన్ బోస్కో పండుగ. ఫ్రాన్సిస్కన్ల దగ్గర అక్టోబర్ 4న పునీత ఫ్రాన్సిస్ పండుగ. సెప్టెంబర్ 8 మరియమాత పుట్టినరోజు, అక్టోబర్ నెలంతా జపమాల, ఈస్టర్‌కి ముందు విభూది బుధవారంతో మొదలయ్యే తపస్కాలం (ఉపవాస ప్రార్థనల రోజులు) మాత్రం అన్నిచోట్లా ఉంటాయి. ఆగస్టు 15న స్వాతంత్ర్య దినం, మరియమాత మోక్షారోపణ పండుగ ఒకే రోజు పడతాయి. పూజ ముందా, జెండా ముందా అన్నది స్కూలును బట్టి ఉంటుంది. ఆ రోజు ఎన్నింటికి రమ్మన్నారో డైరీలో చూసుకోకపోతే పిల్ల గంట ముందో గంట వెనకో వెళ్తుంది. క్రిస్మస్‌కి కూడా మిషనరీ స్కూళ్లకు విడిగా కొన్ని రోజులు సెలవులుంటాయి, పక్కింటి పిల్లల స్కూలుతో పోల్చి ఊరికి టికెట్లు బుక్ చేసుకోకండి.

ఇక ప్రార్థన. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోగాని, ప్రభుత్వ సాయం తీసుకునే బడిలోగాని మతబోధకు, ఆరాధనకు పిల్లల్ని బలవంతంగా హాజరుపరచకూడదని, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది. ఆ క్లాజు జేబులో పెట్టుకుని ప్రిన్సిపల్ గదికి వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. ఆచరణలో ఏర్పాటు ఇలా ఉంటుంది: కాథలిక్ పిల్లలు సత్యోపదేశం పీరియడ్‌కి వేరే గదికి వెళ్తారు, మిగతావాళ్లకి అదే సమయంలో మోరల్ సైన్స్ జరుగుతుంది. మోరల్ సైన్స్‌కి పుస్తకం, నోట్సు ఉంటాయి, ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు పడుతుంది, తేలిగ్గా తీసుకోవద్దు. అసెంబ్లీ ప్రార్థనలో చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా నిలబడితే చాలు. పరలోక జపం, మంగళవార్త జపం రెండు నెలల్లో పిల్లకి వాటంతటవే వచ్చేస్తాయి, దానికి మీరు కంగారు పడాల్సిందీ లేదు.

పూజలో ఒక్క విషయం మాత్రం పిల్లకి ముందే చెప్పండి. చివరికొచ్చేసరికి అందరూ లైన్లో వెళ్లి ఫాదర్ దగ్గర తెల్లటి చిన్న బిళ్ల తీసుకుంటారు. గుడిలో ప్రసాదం అందరికీ పెడతారు కదా అని మన పిల్లలు అమాయకంగా లైన్లో నిలబడతారు. అది దివ్య సత్ప్రసాదం. బాప్తిస్మం పొంది, మొదటి సత్ప్రసాదం తీసుకున్న కాథలిక్కులకే ఇస్తారు. చెయ్యి చాచాక వెనక్కి పంపితే పిల్ల చిన్నబోతుంది, కాబట్టి ఆ సమయంలో బెంచీలోనే కూర్చోమనండి. విభూది బుధవారం నుదుట పెట్టే విభూది అలా కాదు, ఎవరైనా పెట్టించుకోవచ్చు. పూజకి అసలు పంపడం ఇష్టం లేకపోతే డైరీలో రెండు లైన్లు రాయండి: "మా అమ్మాయి మొదటి శుక్రవారం పూజ సమయంలో లైబ్రరీలో కూర్చోవడానికి అనుమతించగలరు." రాసి సంతకం పెడితే చాలు. పిల్ల చేత నోటిమాటగా చెప్పిస్తే ఆమెను ఇరుకున పెట్టినట్టే అవుతుంది.

ఈ బళ్లలో తల్లిదండ్రులకి నిజంగా పేచీలొచ్చేది ప్రార్థన దగ్గర కాదు, గోరింటాకు దగ్గర. ఆషాఢంలో మనవాళ్లు, రంజాన్‌కి ముస్లిం పిల్లలు పెట్టుకొస్తారు, డైరీలో ఏమో మెహందీ వద్దని ఉంటుంది. పండక్కి ముందు రోజే క్లాస్ టీచర్‌కి రాసి పంపితే ఎక్కువగా ఒప్పుకుంటారు. పెట్టుకున్నాక రాస్తే అది సంజాయిషీ అవుతుంది. బొట్టు, గాజులు, పూల విషయంలో డైరీలో ఉన్నదే లెక్క.

అసెంబ్లీ ఇరవై నిమిషాల పని. పిల్లలు కళ్లు తిరిగి పడిపోయేది కూడా అక్కడే. కారణాలు మూడు: పొద్దున ఏమీ తినకుండా రావడం, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడటం, రక్తం తక్కువగా ఉండటం. మోకాళ్లు బిగిస్తే కాళ్లలోని రక్తం పైకి సరిగా రాదు. మడమలు కొద్దిగా ఎత్తి దించుతూ నిలబడమని నేర్పండి. పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అడుగు ఎత్తున పెట్టాలి, కూర్చోబెట్టి నీళ్లు పట్టించకూడదు. ఇడ్లీ తినే టైమ్ లేకపోతే అరటిపండు, గ్లాసుడు పాలైనా సరే. పన్నెండు పదమూడేళ్లొచ్చేసరికి ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. స్కూల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తుంటే తిన్నాక వేసుకోమనండి. ఖాళీ కడుపున వేసుకుని వాంతి చేసుకున్న పిల్ల ఇక ఏడాదంతా మాత్రను కిటికీలోంచి పారేస్తుంది. బ్యాగు అడుగున ఒక ప్యాడ్, ముదురు రంగు పెట్టికోటు ఎప్పుడూ ఉంచండి. సిక్ రూమ్‌లో ఇస్తారు, కానీ ఆరో తరగతి పిల్ల వెళ్లి అడగడానికి సిగ్గుపడుతుంది.

బిడియం పోగొట్టడానికి అసెంబ్లీకి మించింది లేదు. ఒక్కో వారం ఒక్కో సెక్షన్‌ది: ప్రార్థన, మంచిమాట, వార్తలు, ప్రతిజ్ఞ. బిడియం ఉన్న పిల్లకి ముందుగా ప్రతిజ్ఞ అడగండి. "భారతదేశం నా మాతృభూమి" అందరికీ కంఠతా వచ్చిందే, తప్పుపోతే వెనక వెయ్యి గొంతులు ఎత్తుకుంటాయి. అది రాసింది నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో రాశారని చెప్పి పంపండి, పిల్లకి అది పరాయి పాఠంలా అనిపించదు. తర్వాత వార్తలు, ఆ తర్వాత మంచిమాట. మైకు నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం కిందగా పట్టుకోవాలి. పిల్లలు దాన్ని ఐస్‌క్రీమ్‌లా నోటికి ఆనిస్తారు, 'ప', 'బ' వచ్చినప్పుడల్లా టపటపమంటుంది. వార్తలు ఐదు చాలు, ఒక్కోటి రెండు వాక్యాలు, అట్ట మీద పెద్ద అక్షరాలతో. పల్చటి కాగితమైతే చేతి వణుకు అందరికీ కనిపిస్తుంది.

హౌసుల సంగతి తల్లిదండ్రులకి సరిగా అర్థం కాదు. తరగతికి మూడు సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది అనుకుంటే ఆరు నుంచి పది వరకు 600 మంది. నాలుగు హౌసులంటే ఒక్కోదాంట్లో 150. పాయింట్లు ఆటలకి, ఎలొక్యూషన్‌కి (వక్తృత్వానికి) మాత్రమే ఇచ్చే స్కూల్లో ఓ ఇరవై మంది హౌసును మోస్తారు, మిగతా 130 మంది చప్పట్లు కొడతారు. బాగా నడిచే చోట హాజరుకి, డిస్‌ప్లే బోర్డుకి, అసెంబ్లీ లైనుకి కూడా పాయింట్లుంటాయి. ఒకే పిల్ల రెండు మూడు అంశాలకు మించి పోటీకి దిగకూడదనే నియమం కూడా పెడతారు. మీ అమ్మాయి స్కూల్లో ఏ పద్ధతో కనుక్కోండి. రెండోదైతే బోర్డు పనిలో చేర్చండి. హౌస్ బోర్డు పదిహేను రోజులకోసారి మారుతుంది, చార్టు అంటించేవాళ్లు, అక్షరాలు కత్తిరించేవాళ్లు ఎప్పుడూ తక్కువే. హౌస్ మిస్ట్రెస్‌కి పేరు గుర్తుండిపోయేది ఒక్క పాట పాడిన పిల్లది కాదు, సాయంత్రం బెల్లు కొట్టాక ఆగి కత్తెరలు లెక్కపెట్టి లోపల పెట్టిన పిల్లది. తొమ్మిదో తరగతిలో వైస్ కెప్టెన్ పేర్లు అనుకునే మీటింగులో ఆ పేరే వస్తుంది.

గైడ్స్‌కి మాత్రం ఆరో తరగతిలోనే పేరివ్వండి, దానికి లెక్క ఉంది. పదేళ్లు నిండిన అమ్మాయిలు గైడ్‌గా చేరొచ్చు. అందులో మెట్లు ఇవి: ప్రవేశ్‌కి సుమారు 3 నెలలు, ప్రథమ సోపాన్‌కి 6, ద్వితీయకి 9, తృతీయకి 9, రాజ్య పురస్కార్‌కి ఇంకో 9, రాష్ట్రపతి అవార్డుకి మరో ఏడాది. ఆరో తరగతి జులైలో మొదలుపెడితే రాజ్య పురస్కార్ తొమ్మిదో తరగతి మొదట్లో చేతికొస్తుంది. ఏడులో చేరితే అదే పదో తరగతిలోకి జారుతుంది. పదిలో క్యాంపుకి పంపే తల్లిదండ్రులెవరు? చాలామంది తృతీయ దగ్గర ఆగిపోవడానికి కారణం చేతకాకపోవడం కాదు, ఆలస్యంగా మొదలుపెట్టడం. పెట్రోల్ అనే చిన్న జట్టులో ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటారు కాబట్టి బిడియస్థులకి పెద్ద గుంపు భయం ఉండదు. ముడులు ఇంట్లోనే నేర్పొచ్చు: రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్. రెండు మీటర్ల నూలుతాడు మంచం కోడుకి కట్టి పది రోజులు ప్రాక్టీస్ చేస్తే చాలు. నైలాన్ తాడు కొనకండి, ముడి జారిపోతుంది, పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. రెండు తాళ్లు ఒకే లావుంటే రీఫ్, లావు తేడా ఉంటే షీట్ బెండ్. పరీక్షలో ముడి వేయడం కన్నా ఎప్పుడు ఏది వాడాలో అడిగినప్పుడే తడబడతారు. లాగ్ బుక్‌లో తేదీలు వరసగా ఉండాలి, క్యాంపుకి ముందు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో నింపింది పరీక్షించేవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది.

ఎన్‌సీసీ ఎనిమిది, తొమ్మిది తరగతుల పని, ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి. రెండేళ్లు, 75 శాతం పరేడ్లు, ఒక క్యాంపు ఉంటేనే 'ఎ' సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోనిస్తారు. శనివారం డ్యాన్స్ క్లాసు ఉన్న పిల్లకి 75 శాతం అందదు, అప్పుడు రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది.

కాథలిక్ బళ్లలో వైసీఎస్ (యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్) అని ఒక పిల్లల ఉద్యమం ఉంటుంది. క్రైస్తవేతర పిల్లలకి అదే వైఎస్ఎం (యంగ్ స్టూడెంట్స్ మూవ్‌మెంట్). బెల్జియం ఫాదర్ జోసెఫ్ కార్డిన్ కార్మిక యువకుల కోసం తెచ్చిన 'చూడు, విచారించు, చెయ్యి' పద్ధతినే ఇందులో వాడతారు. పేరు విని మతప్రచారమేమో అని చాలామంది పంపరు, నిజానికి స్కూల్లో అతి ఉపయోగకరమైన గంట అదే. ఉదాహరణకి లంచ్‌లో అన్నం పారేస్తున్నారు. చూడు అంటే ఐదు రోజులు బకెట్లను తూకం వేయడం, తరగతివారీగా రాయడం. విచారించు అంటే ఎందుకో అడగడం. ఉప్మా చల్లారి గట్టిపడిందనో, డబ్బా మూత రాలేదనో, ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు చేతులు కడిగే లైనుకే పోయాయనో తేలుతుంది. చెయ్యి అంటే రెండు అదనపు కుళాయిలు అడగడం, మళ్లీ ఐదు రోజులు తూకం. ఈ రెండు తూకాల పట్టికే బాలల సైన్స్ కాంగ్రెస్‌కి పనికొచ్చే ప్రాజెక్టు. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు జంటగా, తమ చుట్టుపక్కల సమస్య మీద చేయాల్సింది అదే కదా. ఆ ఏటి అంశానికి ముడిపెట్టి రాయాలి, అంతే.

తపస్కాలంలో వృద్ధాశ్రమానికి తీసుకెళ్తారు. కేకు పంపకండి, అక్కడ సగం మందికి షుగర్. ఏం కావాలో ముందే ఫోన్ చేసి అడిగితే పెద్దవాళ్ల డైపర్లు, తువాళ్లు, ఒంటి సబ్బులు, మారీ బిస్కెట్లు అంటారు. పిల్లలకి పాట కన్నా ప్రశ్నలు నేర్పి పంపాలి: "మీ ఊరేది నానమ్మా? చిన్నప్పుడు ఏం ఆటలాడేవాళ్లు?" పది మందికి ఒక టీచర్, గంటకి మించని సమయం. ఫోన్లు బస్సులోనే.

పిల్లల సైన్స్ ఆలోచనలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డు గురించి వివరంగా చెప్పాలి, ఆరో తరగతి నుంచే అర్హత ఉన్నా ఎక్కువ మంది పోగొట్టుకునేది దీన్నే. స్కూలు ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. సాధారణంగా వానాకాలంలో పోర్టల్ తెరుస్తారు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు నేరుగా పిల్ల ఖాతాలో పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. దేశం మొత్తం మీద లక్ష ఆలోచనలు ఎంచి, వాటిని పది వేలకి, వెయ్యికి వడపోసి, చివరికి 60కి తేవాలన్నది పథకం లెక్క. అంధులకి సెన్సర్ కర్ర, మూత తనంతట తెరుచుకునే చెత్తబుట్ట, ట్యాంకు నిండితే మోగే అలారం: ఈ మూడూ ప్రతి జిల్లా నుంచి ప్రతి ఏటా వెళ్తాయి. యూట్యూబ్‌లో ఉన్నది చూసేవాళ్లకీ తెలుసు. పిల్ల చేతికి అంటుకున్న ఇబ్బంది కావాలి. బతుకమ్మకి గునుగు పూలకి రంగు అద్దేటప్పుడు వేళ్లు వారం రోజులు గులాబీ రంగులో ఉంటాయి కదా. కట్ట మొత్తాన్ని తలకిందులుగా పట్టి, ముంచి, నీరోడ్చి, ఆరబెట్టే ఒక చట్రం ఎలా ఉండాలి? ఇలాంటిది. సారాంశంలో నాలుగు విషయాలు చాలు: ఇబ్బంది ఏమిటి, ఎవరికి, ఇది ఎలా పనిచేస్తుంది, ఉన్నవాటికన్నా తేడా ఏమిటి. బొమ్మ పిల్లే గీయాలి, వంకరగా ఉన్నా సరే. జిల్లా ప్రదర్శనలో "ఇది నీకెలా తట్టింది?" అని అడుగుతారు. నాన్న గీసిన సర్క్యూట్ అయితే పిల్ల గోడవైపు చూస్తుంది. తెలుగులో చెప్పుకోవచ్చు, ఇంగ్లిష్ కోసం బట్టీ పట్టించకండి.

ఎన్‌టీఎస్ఈ (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష) కోచింగ్ అని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి, 2021 తర్వాత ఆ పరీక్ష ఆగిపోయింది. ఎన్ఎంఎంఎస్ (ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) ఉంది: ఎనిమిదో తరగతిలో రాస్తారు, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లకే. ఇక్కడే మెలిక: పాత కాన్వెంట్లు కొన్నిట్లో ఒకే గేటు లోపల ఎయిడెడ్ సెక్షన్, అన్ఎయిడెడ్ సెక్షన్ రెండూ ఉంటాయి. మీ పిల్ల ఏ రిజిస్టర్‌లో ఉందో ఆఫీసులో అడగండి. ఇక ఫీజు కట్టి రాసే ప్రైవేట్ ఒలింపియాడ్లున్నాయి. మెడల్ మెడలో వేసుకుని ఫోటో దిగడానికి బాగుంటాయి, అంతకుమించి నేనేమీ చెప్పను.

ఆటల గురించి క్లుప్తంగా. పి.వి. సింధు చిన్నప్పుడు చదివింది హైదరాబాద్ ఆక్సీలియంలో, నిఖత్ జరీన్ చదివింది నిజామాబాద్ నిర్మల హృదయలో, రెండూ సిస్టర్ల బళ్లే. కానీ రాకెట్ పట్టడం నేర్పింది బడి బయటి కోచ్, బాక్సింగ్ గ్లవ్స్ వేసింది తండ్రి. స్కూలు చేయగలిగింది హాజరు సర్దడం, పరీక్ష తేదీ మార్చడం. అది కావాలంటే అసోసియేషన్ లెటర్ హెడ్ మీద టోర్నమెంట్ తేదీలతో ఉత్తరం ముందే ఇవ్వాలి. అకాడమీకి వెళ్లని పిల్లలకి కాన్వెంట్లలో త్రోబాల్ మంచి తలుపు. జట్టుకి ఏడుగురు, పట్టిన బంతి మూడు సెకన్లలో విసరాలి. పొడుగు కన్నా చురుకు కావాలి. పట్టేటప్పుడు బంతి ఒంటికి ఆనుకుందంటే పాయింటు పోతుంది, కొత్తవాళ్లు ఓడేది దీంట్లోనే. ఇంటి గోడకి వాలీబాల్ కొట్టి, మోచేతులు ముందుకి పెట్టి, వేళ్లతో పట్టడం రోజూ పావుగంట చాలు.

క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, పిల్లల గొంతులు పాడవడానికి కారణం ఎత్తైన శ్రుతి. పుస్తకంలో ఉన్న కీలోనే వాయిస్తారు, ఆరో తరగతి వాళ్లు పై స్వరాల్లో అరుస్తారు. కీబోర్డులో మధ్య 'సి' నుంచి పై 'డి' వరకు ఈ వయసు అమ్మాయిలకి సుఖం, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి దించమని పిల్ల టీచర్‌ని అడగొచ్చు. తెలుగు వక్తృత్వం, పద్యాల పోటీలకి ఈ బళ్లలో పేర్లే రావు. ఇంట్లో మంచి తెలుగు ఉన్న పిల్లకి అది దాదాపు ఖాళీ మైదానం.

బిడియం ఉన్న పిల్ల నిజంగా కలిసిపోయేది డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి యేసు పుట్టిన పశువుల పాక (క్రిబ్) కట్టే పోటీలో. హౌసుకొకటి కడతారు. మాట్లాడాల్సిన పని తక్కువ, చేతి పని ఎక్కువ. మొదటి పొరపాటు పాకను ముందు కట్టేయడం. మఠం స్టోరులో ఉన్న బొమ్మల ఎత్తు ముందు కొలవాలి. నిలబడ్డ జోజప్ప (యోసేపు) బొమ్మ పది అంగుళాలుంటే పాక ఎత్తు పదిహేను, పద్దెనిమిదైనా ఉండాలి, లేదంటే ఆయన తల చూరులో ఇరుక్కుంటుంది. పచ్చిక కోసం రాగులో గోధుమలో రాత్రంతా నానబెట్టి ట్రేలో పల్చటి మట్టి మీద చల్లాలి. మామూలుగా వారంలో రెండు అంగుళాలు లేస్తాయి, డిసెంబర్ చలికి తొమ్మిది పది రోజులు పెట్టుకోండి. నీళ్లు చిలకరించాలి, పోస్తే గింజ కుళ్లి వాసనొస్తుంది. కొండలకి ఖాకీ కాగితం నలిపి పల్చటి మైదా జిగురులో ముంచి, కుర్చీల మీదో డబ్బాల మీదో ఆరేసి, రెండు రోజులాగి రంగు చల్లాలి. తడి మీద రంగు వేసిన కొండ మర్నాటికి కూలుతుంది. మంచు కోసం దూది పరిచి పాత రకం సీరియల్ బల్బులు చుట్టడం ప్రమాదం, బల్బు వేడికి దూది అంటుకుంటుంది. ఎల్ఈడీ తీగలే వాడాలి, అతుకులు పచ్చిక ట్రేకి దూరంగా ఉండాలి. బాలయేసు బొమ్మను ముందే పెట్టరు, తొట్టి ఖాళీగా ఉంచి కార్యక్రమం చివర పెడతారు. ముగ్గురు జ్ఞానుల్ని దూరంగా, వస్తున్నట్టు పెట్టాలి, వాళ్ల పండుగ జనవరి 6న. తెలియక అందరినీ తొట్టి చుట్టూ నిలబెట్టిన హౌసుకి మార్కులు తగ్గుతాయి. న్యాయనిర్ణేతలొచ్చినప్పుడు రెండు నిమిషాలు వివరించే పిల్ల ఒకరు కావాలి. పది రోజులు రాగులకి నీళ్లు చల్లిన పిల్లే ఆ మాట చెబితే బాగుంటుందని టీచర్‌కి మీరే సూచించండి. దసరా సెలవులకి ముందు జరిగే బతుకమ్మలో కూడా ఇలాగే. తంగేడు, గునుగు మీ ఇంటినుంచి వెళ్తే పిల్లకి పది మంది స్నేహితులు తయారవుతారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లవారుజామున వెళ్తే పూలు తాజాగా దొరుకుతాయి.

చదువు దెబ్బతింటుందా అని అడిగారు. పదో తరగతిలో సబ్జెక్టుకి 80 మార్కులు పరీక్షకి, 20 ఇంటర్నల్స్‌కి. ఆ 20 ఏడాదిలో జరిగే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల సగటు. ఒక్కోదాంట్లో చూసేవి: తరగతిలో పాల్గొనడం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. 2024 చివర్లో వీటిని తీసేస్తామని ప్రకటించి వాయిదా వేశారు, కాబట్టి మీ అమ్మాయి పదికి వచ్చే ఏడు ఏ పద్ధతో అప్పుడు చూసుకోవాలి. వారానికి రెండు సాయంత్రాలకి మించి స్కూల్లో ఆగాల్సి వస్తే మాత్రం తగ్గించండి. గైడ్స్ ఒకటి, హౌస్ పని ఒకటి, ఆరో తరగతికి అంతే.

ఇక కాగితాలు. అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు ఇనిషియల్‌తో ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు వెనక్కి వెళ్తుంది. ముగ్గురు వేర్వేరు మనుషులన్నట్టే లెక్క. ఇన్‌స్పైర్ డబ్బు వెనక్కి పోయేది ఇందుకే. ఖాతా పిల్ల పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో కలిపి ఉండాలి, ఏడాదికోసారైనా వంద రూపాయలు వేసి తీయాలి, లేకపోతే అది నిద్రపోతుంది. ఆటల పోటీలకి పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతారు, స్కూలు రికార్డుకి దానికి ఒక్క రోజు తేడా ఉన్నా జట్టులోంచి తీసేస్తారు. ఈ సవరణలు ఆరో తరగతిలో ఒక అర్జీ, రెండు జిరాక్సులతో అయిపోతాయి. పదో తరగతి మెమో అచ్చయ్యాక అయితే బోర్డు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈ టర్మ్ సెలవులకి ముందే స్కూలు ఆఫీసుకి వెళ్లి రిజిస్టర్‌లో పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం చూసి రండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా) రాసేటప్పుడు రెండు పుట్టుమచ్చలు అడుగుతారు. అప్పుడు క్లాసులో అందరి ముందూ వెతుక్కోకుండా అవి కూడా ఇప్పుడే చూసి డైరీ వెనక పేజీలో రాసి పెట్టండి.